బతికున్నవాళ్లను లెక్కలోంచి తీసేస్తారా?

పిల్లలందరినీ బడికి పంపిస్తే చాలు, పెద్దల నిరక్షరాస్యత వాళ్లతోనే పోతుంది. ఈ మాట అధికారుల నోటా, విరాళాలిచ్చే కంపెనీల సమావేశాల్లోనూ, చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలోనూ ఒక్కలాగే వినిపిస్తోంది. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. ఎవరినీ కించపరిచినట్టు అనిపించదు. ఉన్న కాస్త డబ్బును ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసినవాళ్ల లెక్కలా కూడా ఉంటుంది. కానీ ఆ మాటను విప్పి చూడండి. చదువురాని మనుషులు చనిపోయేదాకా ఆగుదాం, ఆ తర్వాత దేశం దానంతటదే అక్షరాస్యమవుతుంది అని దాని అర్థం. బతికున్న మనుషులను ముందే కొట్టివేతల పద్దులో రాసేసే ఈ వాదం లెక్క ప్రకారం తప్పు, చరిత్ర ప్రకారం తప్పు, న్యాయం ప్రకారం అంతకన్నా పెద్ద తప్పు.

దీన్ని గాలిలో కాకుండా ఒక బస్తీలో నిలబెట్టి చూద్దాం. రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌కి పట్టాల అవతల గుఢియారీ ఉంది. ధాన్యం, పప్పులు, కిరాణా సరుకుల టోకు వ్యాపారం జరిగే చోటు. ఇలాంటి చోట బస్తాలు మోసే హమాలీలుంటారు, ఈ-రిక్షాలు తోలేవాళ్లుంటారు, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆడవాళ్లుంటారు. భవన నిర్మాణంలో ఇటుకలు, సిమెంటు మోసే ఆడకూలీలుంటారు, వాళ్లని ఛత్తీస్‌గఢ్‌లో రేజాలంటారు. రాయ్‌పూర్ తెలుగువాళ్లకు పరాయి ఊరేమీ కాదు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ ఊరితో కలిపింది. రైల్వే కొలువుల మీద, కూలిపనుల మీద వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇలాంటి బస్తీలో ఒక స్వచ్ఛంద సంస్థ సాయంత్రం పూట వయోజన విద్యాకేంద్రం నడపాలంటే ఎన్ని అభ్యంతరాలు ఎదురవుతాయో, వాటిలో పస ఎంతో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి అభ్యంతరం, చదువురానివాళ్లంతా ముసలివాళ్లేనని. కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 15 ఏళ్లు, ఆపైబడినవాళ్లలో చదవడం రాయడం రానివాళ్లు 25.76 కోట్ల మంది. అందులో 16.68 కోట్ల మంది ఆడవాళ్లే. పెద్దల చదువు కోసం నడిపిన సాక్షర భారత్ పథకం కింద 2018 దాకా ఉత్తీర్ణులైన 7.64 కోట్ల మందిని తీసేసి, ఇంకా 18.12 కోట్ల మంది మిగిలారని కేంద్ర ప్రభుత్వమే అంచనా కట్టింది. ఇందులో పదిహేనేళ్ల పిల్ల ఉంది, ఇరవై అయిదేళ్ల తల్లి ఉంది. ఇవాళ ముప్పై అయిదేళ్లున్న రేజా డెబ్బై అయిదేళ్లు బతికితే ఇంకో నలభై ఏళ్లు మన మధ్యే ఉంటుంది. అన్నేళ్లూ ఆమె ఓటేస్తుంది, అప్పు తీసుకుంటుంది, ఆసుపత్రి మెట్లెక్కుతుంది, కోర్టు కాగితం అందుకుంటుంది. అంత కాలం పట్టేదాన్ని దానంతటదే పోయే సమస్య అనడం కళ్లు మూసుకోవడమే.

పైగా ఈ అంకెలు కూడా ఉదారంగా వేసినవే. జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఎవరికీ పరీక్ష పెట్టడు. ఇంటివాళ్లు వచ్చని చెబితే వచ్చని రాసుకుంటాడు. పేరు రాయడం ఒక్కటే వచ్చినవాళ్లెందరో ఆ లెక్కలో అక్షరాస్యులైపోయారు. ఛత్తీస్‌గఢ్ వెనుకబడిన రాష్ట్రం కాబట్టి అక్కడ అంతే అని ముక్కు విరిచే హక్కు మనకసలే లేదు. 2011లో ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లలో అక్షరాస్యులు 60 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతం.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ మనుషులకు చదువెందుకు రాలేదు? వాళ్ల బద్ధకం వల్లా? రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని 45వ అధికరణం ప్రభుత్వాలను ఆదేశించింది. అంటే గడువు 1960. ఇవాళ యాభై అయిదేళ్లున్న మనిషి ఆ గడువు దాటిన పదేళ్లకు పుట్టింది. ఆమెకు ఆరేళ్లొచ్చేనాటికి బడి ఉండాల్సింది. లేదు. ఉన్నా తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉండమన్నారు, ఎందుకు పంపలేదని అడిగిన అధికారి లేడు. చదువును ప్రాథమిక హక్కు చేసిన 86వ సవరణ 2002లో వచ్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. అప్పటికే పద్నాలుగు దాటిన వాళ్లందరికీ రాజ్యం మాట తప్పింది. చిన్నప్పుడు బడి లేదన్నవాళ్లే ఇప్పుడు నీ వయసు దాటిపోయింది అంటున్నారు. బాకీ పడ్డవాడు ఏళ్ల తరబడి ఎగ్గొట్టి, చివరికి కాలదోషం పట్టిందని నోటు చించేసినట్టుంది ఈ వరస. వయోజన విద్య దయాదానం కాదు, తీరని బాకీ. గుఢియారీలో రాత్రి బడికొచ్చే ప్రతి మనిషీ ఆ బాకీ వసూలుకు వచ్చినట్టే లెక్క.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మనవాళ్లు వెంటనే సామెత తీస్తారు. క్రమశిక్షణ విషయంలో ఆ సామెత చెల్లుతుందేమో గానీ, చదువు విషయంలో మన చరిత్రే దాన్ని అబద్ధం చేసింది. భండారు అచ్చమాంబ (1874–1905) ఏ బడికీ వెళ్లలేదు. చిన్నతనంలోనే పెళ్లయి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతని పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకుంది. అలా నేర్చుకున్న చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి తెలుగులో స్త్రీల చరిత్రకు పునాది వేసింది. ఆమె చివరి రోజులు గడిపింది, కన్నుమూసింది రాయ్‌పూర్‌కి దగ్గర్లోని బిలాస్‌పూర్‌లోనే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బడి మానేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దిగి, జైలు నుంచి వచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తనలాగే చదువు తెగిపోయిన ఆడవాళ్లను అదే పరీక్షకు కూర్చోబెట్టింది. ఆ అనుభవమే 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా వయోజన మహిళల సంక్షిప్త విద్యా కోర్సుగా దేశమంతటికీ వెళ్లింది. మన కాలానికొస్తే కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో 96 ఏళ్ల వయసులో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకుంది. వీళ్లు అసాధారణులు అనొచ్చు. వీళ్ల పట్టుదల అసాధారణమే. కానీ వీళ్లకు దొరికిన సాయం చాలా మామూలుది. ఒకరికి పక్కన కూర్చోబెట్టుకున్న తమ్ముడు దొరికాడు, ఒకరికి పరీక్ష రాయనిచ్చిన విశ్వవిద్యాలయం దొరికింది, ఒకరికి ఇంటికొచ్చి నేర్పిన మనిషి దొరికింది. ఆ మామూలు సాయాన్ని బస్తీకి చేర్చడమే వయోజన విద్యాకేంద్రం పని.

ఈ మధ్య కొత్తగా బయల్దేరిన వాదం ఇంకొకటుంది. ఫోను మాట్లాడుతోంది, మాటతోనే సందేశం పంపొచ్చు, డబ్బు పడితే డబ్బా గట్టిగా చెబుతోంది, ఇక అక్షరాలెందుకని. ఈ మాటనేవాళ్లంతా చదువుకున్నవాళ్లే. చదువురాని మనిషి ఫోనును దగ్గర నుంచి చూసి ఉంటే ఆ మాట అనరు. ఛత్తీస్‌గఢ్‌లో 2024 మార్చి నుంచి మహతారీ వందన్ పథకం కింద పెళ్లయిన ఆడవాళ్ల ఖాతాల్లో నెలకు 1,000 రూపాయలు పడుతున్నాయి. డబ్బు పడిందన్న సందేశం ఆమె ఫోనుకే వస్తుంది. అది చదవడానికి కొడుకునో, పక్కింటి కుర్రాణ్నో పిలవాలి. డబ్బు తీయడానికి వెళితే సేవా కేంద్రంలో కూర్చున్నవాడు వేలు పెట్టమన్న చోట వేలు పెట్టాలి, వాడు ఎంత పడిందంటే అంతే పడిందనుకోవాలి. అన్నిటికన్నా దారుణం ఓటీపీ. ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక కూడా అక్షరాల్లోనే ఉంటుంది. చెప్పకూడదని ఆ సందేశంలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆమె ఆ ఫోనును ఇంకొకరి చేతిలో పెట్టాలి. చదువురాని మనిషికి ఫోను కొత్త కిటికీలు తెరిచిన మాట నిజమే. ఆ కిటికీల్లోంచి లోపలికి చేయి పెట్టేవాళ్లూ ఎక్కువయ్యారు. అక్షరాల అవసరం ఈ కాలంలో పెరిగింది గానీ తగ్గలేదు.

అక్షరం వస్తే ఒరిగేదేమిటో తెలియాలంటే ఒక రేజా నోటు పుస్తకం చూస్తే చాలు. వారం రోజుల పేర్లు ఒకదాని కింద ఒకటి. పూర్తి పని చేసిన రోజు ఎదురుగా నిలువు గీత, మధ్యాహ్నం దాకా చేసిన రోజుకు సగం గీత. బుధవారం పక్కన అడ్వాన్సు 500. శనివారం సాయంత్రం మేస్త్రీ కూలి పంచేటప్పుడు అయిదున్నర రోజులు బదులు అయిదు అంటాడు. వెనకటి రోజుల్లో అయితే ఆమె, నాకు గుర్తుంది బాబూ, గురువారం కూడా ఒక పూట చేశాను అని బతిమాలేది. పదిమంది ముందు ఆమె జ్ఞాపకం ఒక పక్క, అతని పుస్తకం ఒక పక్క. గెలిచేది పుస్తకమే. ఇప్పుడు ఆమె దగ్గరా పుస్తకం ఉంది. మేస్త్రీ మంచివాడైపోడు, కూలి రేటు పెరగదు. కానీ ఆ సగం రోజు కూలి ఆమెకు రావాల్సిందని చూపించగలదు, అడగగలదు. టోకు మార్కెట్లో బస్తాల లెక్క రాసే చీటీ చూసుకునే హమాలీకీ ఇదే వర్తిస్తుంది. దీనికి డిగ్రీలక్కర్లేదు. కొన్ని అంకెలు, కొన్ని మాటలు, రోజూ కూర్చుని నేర్పే మనిషి కావాలి.

అక్షరాలెందుకు, పని నేర్పండి అనేవాళ్లు మరో రకం. 1967లో ముంబైలో కార్మికుల చదువు కోసం మొదలైన శ్రామిక్ విద్యాపీఠాలు తర్వాత జన శిక్షణ సంస్థాన్‌లు అయ్యాయి. స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచే వీటిని 2018లో విద్యాశాఖ నుంచి నైపుణ్యాభివృద్ధి శాఖకు మార్చారు. కుట్టుపని, బ్యూటీషియన్, కంప్యూటర్ నేర్పడం మంచిదే. కానీ కుట్టు మిషను ముందు కూర్చున్నావిడకు టేపు మీద అంకెలు రావాలి. ఛాతీ ముప్పై ఆరు, భుజం పద్నాలుగు, చేయి తొమ్మిదిన్నర అని కొలతల పుస్తకంలో రాసుకోవాలి. ఎవరి జాకెట్టు ఎవరిదో పేరు రాసి పెట్టుకోవాలి. బిల్లు వేయాలి. ఇవేమీ రాకపోతే ఆమె ఎంత బాగా కుట్టినా ఇంకొకరి దుకాణంలో కూలికి కుట్టాల్సిందే. అక్షరం లేని నైపుణ్యం మనిషిని యజమానిని చేయదు, చవగ్గా దొరికే పనివాణ్ని చేస్తుంది. ఈ రెండిటినీ విడదీసి ఒకదానికి డబ్బిచ్చి ఇంకోదాన్ని ఎండగట్టడం పేదవాళ్లకు ఇంతే చాలులే అనే చూపు నుంచి పుట్టింది.

ఎదుటివాళ్ల వాదంలో బలమున్న భాగం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఇంత డబ్బు పోశారు, ఎన్నో పథకాలు పెట్టారు, కేంద్రాలు కాగితాల మీద నడిచాయి, నేర్చుకున్నవాళ్లు రెండేళ్లకు మర్చిపోయారు అంటారు. ఇది చాలామటుకు నిజం. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అయిదేళ్లలో పది కోట్ల మందికి చదువు చెబుతానని బయల్దేరి ఆ దరిదాపులకు చేరలేదు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. ఆ తర్వాతి ఉద్యమాల్లో కూడా అంకెల పిచ్చి పట్టిన జిల్లాలు తక్కువేమీ కాదు. కానీ ఈ వైఫల్యం ఎవరిదో చూడాలి. 1978, 1988 పథకాలు రెండూ 15–35 ఏళ్లవాళ్ల మీదే దృష్టి పెట్టాయి. ముప్పై ఆరేళ్ల మనిషి పనికిరాదనుకున్నాయి. 2009లో వచ్చిన సాక్షర భారత్ పల్లెలకే పరిమితమైంది. గుఢియారీ లాంటి పట్టణ బస్తీ ఆ పథకం పటంలోనే లేదు. పల్లెల్లో విద్యాకేంద్రాలు నడిపిన ప్రేరకులకు నెలకు ఇచ్చింది 2,000 రూపాయలు. 2018 మార్చి 31న పథకం ముగిసింది, వాళ్లను ఇళ్లకు పంపేశారు. కొత్తగా చదువొచ్చినవాళ్ల చేతిలో చదవడానికి పుస్తకం లేదు, కూర్చోవడానికి చోటు లేదు, అనుమానం అడగడానికి మనిషి లేడు. అయిదో తరగతితో బడి మాన్పించేస్తే మన పిల్లలు మాత్రం మర్చిపోరా? పిల్లలు మర్చిపోతే బడి బాగుచేయాలంటాం. పెద్దలు మర్చిపోతే బడి మూసేయాలంటాం.

ఇప్పుడున్న పథకం లెక్క చూడండి. ఉల్లాస్ పేరుతో నడుస్తున్న నవభారత సాక్షరతా కార్యక్రమానికి 2022 నుంచి 2027 దాకా కేటాయించింది 1,037.90 కోట్లు. లక్ష్యం అయిదు కోట్ల మంది. భాగించి చూస్తే ఒక్కో మనిషికి అయిదేళ్ల కాలానికి దాదాపు 208 రూపాయలు. 15 ఏళ్లు దాటిన అందరినీ చేర్చుకోవడం, పట్టణాలనూ కలుపుకోవడం ఈ పథకంలో మెచ్చుకోవాల్సినవి. కానీ చదువు చెప్పేది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. ముగింపు 150 మార్కుల పరీక్ష. 208 రూపాయలతో ఒక మనిషికి చదువు చెప్పి, అది నిలవలేదని ఆ మనిషినే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పెట్టుబడి పెట్టి విఫలమైన పని వేరు. పెట్టుబడే పెట్టకుండా విఫలమైందనడం వేరు.

సరిగ్గా చేస్తే ఏమవుతుందో కూడా ఈ దేశమే చూపించింది. ఎర్నాకుళంలో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ ముందుండి, జిల్లా యంత్రాంగం తోడుండి, వేలాది కార్యకర్తలు కదిలితే 1990 ఫిబ్రవరిలో అది దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. స్వచ్ఛంద సంస్థలంటే నిధులు మింగేవే అనేవాళ్లు ఆ పరిషత్‌ను, ఆంధ్ర మహిళా సభను ఏ గాటన కడతారు? దొంగ సంస్థలుంటే పట్టుకోండి, లెక్కలడగండి. ఇది ప్రభుత్వం పని కదా అనేవాళ్లకూ ఒక్కటే జవాబు. అవును, డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి. కానీ పథకం పేరు మారినప్పుడల్లా, మంత్రి మారినప్పుడల్లా ఆగకుండా అదే గదిలో అదే సాయంత్రం తలుపు తీసే పని బస్తీలో పాతుకుపోయిన సంస్థ చేయగలదు. ఈ వయసులో నాకెందుకమ్మా చదువు అన్న మనిషిని నాలుగోసారి కూడా వెళ్లి పిలుచుకురావడం కార్యాలయంలో కూర్చున్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

వయోజన విద్యను సమర్థించే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. తల్లికి చదువొస్తే పిల్లలు బాగా చదువుతారు, అందుకని తల్లికి నేర్పాలి అంటారు. రాజస్థాన్, బీహార్ పల్లెల్లో ప్రథమ్ సంస్థతో కలిసి పరిశోధకులు ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. తల్లుల అక్షరాస్యత తరగతుల వల్ల పిల్లల లెక్కల్లో మెరుగుదల కనిపించింది గానీ అది కొద్దిపాటిదే. ఈ ఒక్క ఫలితం మీద కేంద్రాన్ని నిలబెడితే, ఫలితం తక్కువొచ్చిన రోజున కేంద్రం మూతపడుతుంది. ఆమె ఎవరికో మెట్టు కావడానికి చదవక్కర్లేదు. పిల్లలు లేనిదానికీ, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినదానికీ, అరవై ఏళ్ల హమాలీకీ చదువు కావాలి. వాళ్లు దాన్ని ఏం చేసుకుంటారన్నది వాళ్ల ఇష్టం.

ఆ ఇష్టానికి ఎంత బలముందో నెల్లూరు జిల్లా చెప్పింది. అక్షరాస్యత తరగతుల్లో తాగుడు వల్ల చితికిన కాపురం కథను పాఠంగా చదువుకున్న ఆడవాళ్లు అది తమ ఊరి కథే కదా అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. నిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే చరిత్ర. కానీ వేలిముద్రలు వేసేవాళ్లుగా లెక్కకట్టిన ఆడవాళ్లు ఒక ప్రభుత్వ ఖజానాను నిలదీయడం ఆ రాత్రి బడులు లేకపోతే అంత తేలిగ్గా జరిగేది కాదు. చదువొచ్చిన పెద్దవాడు పరీక్ష రాసి ఊరుకోడు, ప్రశ్న వేస్తాడు. పెద్దల చదువుకు నిధులు ఎప్పుడూ చాలకపోవడానికి ఇదీ ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. వయోజన విద్యాకేంద్రంలో నేర్పే మనిషికి బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి, సేవ పేరుతో వెట్టి చేయించకూడదు. మార్కెట్లో పని ముగిశాకే తరగతి మొదలుకావాలి, తల్లులతో వచ్చే పసిపిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఆడమనిషికి హిందీ వాచకాన్ని ఆమె మాటల్లోనే విప్పి చెప్పాలి. పరీక్ష పాసైన రోజున పుస్తకం మూయకుండా మరో రెండేళ్లపాటు గ్రంథాలయం, ఓపెన్ స్కూలు దారి చూపాలి. పెద్దవాళ్ల చదువుకు కూడా చట్టంలో హక్కు రాయాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

ఇంతకాలం వీళ్ల చేతుల మీదుగా మన ఇళ్లు లేచాయి, మన సరుకులు మన గుమ్మానికి చేరాయి, మన పిల్లలు బడికి సిద్ధమయ్యారు. వాళ్లు పోయేదాకా ఆగుదామనే మాట ఇక ఏ సమావేశంలో వినిపించినా అక్కడే, అప్పుడే లేచి అడ్డు చెప్పాలి. బాకీ రావాల్సినవాళ్లు బతికుండగానే తీర్చాలి.